నాలుగు రకాల చిన్న సర్వోలు, ఒక చీపురుపుల్ల

తెనాల్లో నాకు మోటారు వైండింగ్ షాపుంది. మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు, అప్పుడప్పుడు నీళ్ల మోటార్లు వస్తుంటాయి. రిమోటు విమానాల పిచ్చి మా అక్క కొడుకు అంటించాడు. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో సెలవులకొచ్చి, ఫోమ్ షీటుతో చేసిన విమానం ఒకటి షాపు బల్లమీద పెట్టి, "మావయ్యా, దీని తోక కదలట్లేదు, ఓసారి చూడు" అన్నాడు. అది మూడేళ్ల కిందటి మాట. వాడిప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. విమానం నా దగ్గరే ఉండిపోయింది. దాని వెనకాల ఇంకో ఐదు చేరాయి.

ఆ ఆరు విమానాల మీద ఇప్పటిదాకా ఇరవై పైన చిన్న సర్వోలు, అంటే రిమోటు మాట విని రెక్క తోకల పట్టీలు కదిపే చిట్టి మోటారు డబ్బాలు, బిగించాను, పీకాను, విప్పాను. 9 గ్రాముల సర్వో అని బజార్లో అడిగితే ఇచ్చేవన్నీ చూట్టానికి ఒకటే. అన్నీ అగ్గిపెట్టెలో సగముంటాయి. రెండు చెవులు, మూడు తీగలు, పైన ఇరుసుకి తగిలించే తెల్ల ప్లాస్టిక్ చెయ్యి, దాన్నే హార్న్ అంటారు. ధర మాత్రం నేను కొన్నప్పుడు 110 రూపాయల నుంచి 1,150 దాకా ఉండేది. పదిరెట్లు ఎక్కువ పెడితే పదిరెట్లు బాగుంటుందా అని షాపుకొచ్చే ఇంటర్ కుర్రాళ్లు అడుగుతుంటే నోటితో చెప్పలేక, సంక్రాంతి తర్వాత గిరాకీ తగ్గిన వారంలో కూర్చుని నా పద్ధతిలో పరీక్ష పెట్టాను. అదే ఇక్కడ రాస్తున్నా.

పరీక్షకి కూర్చున్నవి ఇవి. నీలం రంగు ప్లాస్టిక్ డబ్బాతో, ఎస్‌జీ90 అని స్టిక్కరున్నవి నాలుగు, ఒక్కోటి 110. ఎంజీ90ఎస్ స్టిక్కరున్న లోహపు గేర్లవి రెండు, ఒక్కోటి 210. ఈ రెండు మోడళ్ల పేర్లూ టవర్‌ప్రో అనే కంపెనీవి. కానీ మన బజారుకొచ్చే వాటిలో ఏది ఏ గోడౌన్లో పుట్టిందో స్టిక్కరు చూసి చెప్పలేం, నకళ్లు అన్నొస్తాయి. కాబట్టి నేను చెప్పేది నాకు దొరికిన ఆ ఆరింటి సంగతే, కంపెనీ సరుకు సంగతి కాదు. వాటిని ఇక్కడ నీలంవి, లోహంవి అంటాను. తర్వాత ఈమ్యాక్స్ ఈఎస్08ఎంఏ రెండో వెర్షన్ ఒక జత, ఒక్కోటి 520. చివరిది హైటెక్ హెచ్‌ఎస్-55, ఒక్కటే, 1,150 పెట్టి కొన్నది. మా వాడు మొదటి జీతంతో పంపాడు కాబట్టి నిజానికి నేను పెట్టింది సున్నా, అయినా లెక్కలో ఆ ధరే వేస్తున్నా.

సర్వో లోపలేముందో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. వేలి కణుపంత డీసీ మోటారు, దాని వేగం తగ్గించే నాలుగైదు గేర్లు, ఆఖరి గేరు ఇరుసుకి కింద ఒక పొటెన్షియోమీటర్, ఒక చిట్టి బోర్డు. విమానంలో రిమోటు మాట వినే రిసీవర్ నుంచి సెకనుకి 50 సార్లు చిన్న కరెంటు దెబ్బ (పల్స్ అంటారు) వస్తుంది. ఆ దెబ్బ 1.5 మిల్లీసెకన్లుంటే చెయ్యి మధ్యలో నిలబడాలి, 1 అయితే ఒక పక్కకి, 2 అయితే రెండో పక్కకి. చెయ్యి ఎక్కడుందో బోర్డుకి చెప్పేది ఆ పొటెన్షియోమీటర్. పాత రేడియోకి వాల్యూం బటన్ ఉండేది చూడండి, తిప్పితే గరగరలాడేది, అదే జాతి. రేడియోలో అది అరిగితే పాట గరగరలాడుతుంది, సర్వోలో అరిగితే విమానం తోక వణుకుతుంది. అదికూడా ఎక్కువగా మధ్యలోనే అరుగుతుంది, ఎందుకంటే ఎగిరినంతసేపూ దాని లోపలి ముల్లు అక్కడే కూర్చుని అటూ ఇటూ రాసుకుంటుంది.

ఇక అట్టమీద అంకెలు. ఎస్‌జీ90కి 9 గ్రాములు, 4.8 వోల్టుల దగ్గర 1.8 కిలో సెంటీమీటర్ల బలం (ఇరుసుకి సెంటీమీటరు దూరంలో 1.8 కిలోలు), 60 డిగ్రీలు తిరగటానికి 0.1 సెకను అని ఉంటుంది. ఎంజీ90ఎస్‌కి 13.4 గ్రాములు, బలం 4.8 వోల్టులకి అదే 1.8, 6 వోల్టులకి 2.2. ఈమ్యాక్స్‌ది 12 గ్రాములు, 4.8 దగ్గర 1.6, 6 దగ్గర 2.0. హైటెక్ 8 గ్రాములు, 1.1, 6 వోల్టులిస్తే 1.3, వేగం కూడా 4.8 దగ్గర 0.17 సెకను, అంటే అందరికన్నా నిదానం. ఈ అంకెలు పట్టుకుని కొనేవాడెవడైనా ఏం చేస్తాడు? 110 రూపాయల దానికి 1.8 ఉంది, 1,150 దానికి 1.1 ఉంది, ఎవరికి పిచ్చి అనుకుంటాడు. నేనూ రెండేళ్లు అలాగే అనుకున్నా.

అలా అనుకోవటం మానేసిన రోజు చెప్తాను. మా వైపు వరి కోతకి రెండుమూడు రోజుల ముందే చేలో మినుము చల్లేస్తారు, కోత అయ్యేసరికి మొలక లేచి ఉంటుంది. కాబట్టి వరి కోసేశారు కదా, పొలాలు ఖాళీ అనుకుంటే పొరపాటే. మార్చి దాటితేగానీ విమానం దింపటానికి చేను దొరకదు. జనవరిలో నేను కాలవ గట్టు మీద ఎగరేసి గట్టు మీదే దింపుతా. ఆ ఆదివారం మీటరు రెక్క ఉన్న విమానం ఎడమకి తిప్పి మళ్లీ సర్దబోతే సర్దుకోలేదు. కుడి ఐలరాన్, అంటే రెక్క వెనకంచున ఆడే పట్టీ, ఒకచోట టక్కున ఆగి, వెనక్కి జారి, మళ్లీ టక్కున ఆగి... పై నుంచి వాలుగా వెళ్లి మినుము చేలో పడింది. నేను చెప్పులు విడిచి గట్టు దిగబోతుంటే చేను గలాయన అరిచాడు, "ఏవండీ, చేలోకి దిగమాకండి, పూత మీదుంది!" ఆయనే పక్కపక్కన అడుగేసుకుంటూ వెళ్లి రెక్క పట్టుకుని తెచ్చిచ్చాడు. ఇటూ అటూ తిప్పి చూసి, "మనవడిదా?" అన్నాడు. అవునన్నా.

షాపుకొచ్చి విప్పితే, ఆ నీలం సర్వోలో మూడో గేరుకి ఒక పన్ను ఊడిపోయింది, పక్కది సగం విరిగింది. అంతకు ముందు వారం కాస్త గట్టిగా దిగినప్పుడు విరిగిందన్నమాట. ఎగరేసే ముందు నేను రిమోటు కర్ర కదిపి చూశాను, ఐలరాన్ చక్కగానే ఆడింది. గాలి ఒత్తిడి లేనప్పుడు ఊడిన పన్ను దాటి జారిపోతుంది, ఒత్తిడి పడ్డాక అక్కడ తట్టుకుంటుంది. అప్పట్నుంచీ నా పద్ధతి మారింది. ఐలరాన్ అంచుని రెండు వేళ్లతో మెల్లిగా అడ్డుపెట్టి, ఇంకో చేత్తో కర్ర ఈ చివర్నుంచి ఆ చివరకి నిదానంగా తిప్పుతా. పన్ను ఊడితే వేలికి టిక్కుమని తగులుతుంది. అరనిమిషం పని.

ఇప్పుడు అసలు పరీక్ష. పీట మీద సర్వోని బిగించాను. హార్న్‌కి కొబ్బరి చీపురుపుల్ల ఒకటి సన్నటి రాగితీగతో కట్టాను, ఇరుసు నుంచి పుల్ల కొనదాకా సరిగ్గా 30 సెంటీమీటర్లు. కొన కింద మా అమ్మాయి గ్రాఫ్ పేపరు. అంత పొడవు పుల్లకి ఒక డిగ్రీ అంటే కొన దగ్గర 5 మిల్లీమీటర్ల పైచిలుకు. కంటికి కనపడని తేడా గ్రాఫ్ మీద చుక్కగా కనపడుతుంది. 5 వోల్టుల సప్లై, 150 రూపాయల సర్వో టెస్టర్ (రిమోటు లేకుండానే సర్వోకి ఆ దెబ్బలు పంపే చిన్న డబ్బా). టెస్టర్ని ఎడమ చివర్నుంచి మధ్యకి తెచ్చి ఆగినచోట పెన్సిల్ చుక్క పెట్టాలి. తర్వాత కుడి చివర్నుంచి మధ్యకి తెచ్చి ఇంకో చుక్క. మంచి సర్వో అయితే రెండు చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడాలి. ఒక్కోదానికి పదిసార్లు చేశాను, మధ్యమధ్యలో ఎవరో ఒకరు మిక్సీ జార్ పట్టుకుని రావటం, పుల్ల తగిలి కదలటం, మళ్లీ మొదలుపెట్టటం. "చీపురు రోజుకో పుల్ల తగ్గుతోంది, ఏం చేస్తున్నారు మీరు?" అని ఇంట్లో కేకలు.

నీలం నాలుగింట్లో రెండు చుక్కల మధ్య దూరం ఒకదానికి 6 మిల్లీమీటర్లు, ఒకదానికి 9, ఒకదానికి 11, ఆఖరిదానికి 14. ఒకే కొట్లో, ఒకే పాకెట్టులోంచి తీసినవి! 14 అంటే రెండున్నర డిగ్రీల పైన. లోహంవి 8, 10. ఈమ్యాక్స్ జత రెండూ 4. హైటెక్ 3 లోపే, ఒక్కోసారి పెన్సిల్ మందమే తేడా.

ఈ రెండు డిగ్రీలు విమానంలో ఏం చేస్తాయంటే, ఎలివేటర్ మీద, అంటే ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక పట్టీ మీద, ఉంటే ప్రాణం తీస్తాయి. ముక్కు కాస్త పైకెత్తి వదిలామనుకోండి, తోక పూర్తిగా వెనక్కి రాదు, ఆ డిగ్రీ రెండు డిగ్రీలు మిగిలిపోతుంది. విమానం పైకే ఎక్కుతూ ఉంటుంది. మనం రిమోటు మీద ట్రిమ్ (మధ్య స్థానాన్ని కాస్త జరిపే బటన్) కిందకి నొక్కుతాం. తర్వాత ఒకసారి కిందకి తోసి వదిలితే ఇప్పుడు అటుపక్క మిగిలిపోతుంది, విమానం కిందకి జారుతుంది. మళ్లీ ట్రిమ్ పైకి. కొత్తగా నేర్చుకునే కుర్రాడు ఇదంతా తన చేతివాటం లోపమనుకుంటాడు. నేను మొదటి ఏడాదంతా అలాగే అనుకుని, బరువు ముందుకి జరిపి, వెనక్కి జరిపి, బ్యాటరీ కింద చిల్లర నాణేలు అంటించి నానా అవస్థపడ్డా. తప్పు తోకలో ఉన్న సర్వోది. అదే సర్వో ముక్కుని కుడిఎడమలకి తిప్పే రడ్డర్ మీద ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, ఐలరాన్ల మీద రెండుంటాయి కాబట్టి ఒకటి బాగుంటే రెండోదాని తప్పు సగమే కనపడుతుంది. ఎలివేటర్ మీద మాత్రం అలా సర్దేవాడు లేడు.

ఎస్‌జీ90కి డెడ్ బ్యాండ్ 10 మైక్రోసెకన్లని రాస్తారు. అంటే అంతకన్నా చిన్న మార్పు చెప్తే అది వినిపించుకోదు. మన రేడియోల్లో 1,000 మైక్రోసెకన్ల తేడాకి చెయ్యి సుమారు 90 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 10 మైక్రోసెకన్లంటే దాదాపు ఒక డిగ్రీ. ఆ డిగ్రీ దాని పుట్టుకలోనే ఉంది, తిట్టి లాభం లేదు. పైన వచ్చేదంతా గేర్ల మధ్య వదులు, పొటెన్షియోమీటర్ నాణ్యత. మైక్రోసెకన్లలో ఎంజీ90ఎస్‌కి 5 అని ఉంటుంది, సగం. మరి నా లోహంవాటికి 8, 10 మిల్లీమీటర్లు ఎందుకొచ్చాయంటే గేర్ల వదులు వల్ల. కరెంటు ఇచ్చి చెయ్యి మధ్యలో నిలబెట్టి, పుల్ల కొన పట్టుకుని అటూఇటూ ఊపితే కొత్తవే 7 మిల్లీమీటర్లు ఊగాయి. నీలంవాటిలో మంచిది 4 ఊగింది. లోహమంటే గట్టి, గట్టి అంటే మంచిది అనే లెక్క ఇక్కడ తప్పని తేలిపోయింది. ప్లాస్టిక్ పళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని కూర్చోగలవు, కాస్త మెత్తదనం ఉంటుంది. చవక లోహం గేర్లకి ఆ మెత్తదనం లేదు, తిరగటానికి సందు వదలాలి.

బలం పరీక్ష తొందరగా ముగించాను, ఎందుకంటే దాంట్లో పెద్ద సారం లేదు. హార్న్‌కి వెదురుపేడు బిగించి, ఇరుసుకి 2 సెంటీమీటర్ల దూరంలో కవర్లో ఇసుక వేలాడదీశా. పక్క కిరాణా కొట్టు కాటా మీద తూచి, 50 గ్రాములు 50 గ్రాములుగా పెంచుకుంటూ పోయా. నీలంవి మూడు 650 గ్రాముల దగ్గర నీరుగారాయి, ఒకటి 500కే. లోహంవి 800 దాకా లాగాయి. ఈమ్యాక్స్ కూడా 800, అంటే 1.6 కిలో సెంటీమీటర్లు, అట్టమీద ఎంతుందో అంత. హైటెక్ 600, అంటే 1.2, అదీ అట్టమీద ఉన్నదానికి సరిపోయింది. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అట్టమీద రాసే కిలోలు సర్వో మోసే బరువు కాదు, ఆ బరువుకి అది ఆగిపోతుందని. ఎద్దు ఎంత బరువుకి కూలబడుతుందో చెప్పి బండి అమ్మినట్టు. అందులో సగం కన్నా ఎక్కువ రోజూ మోయించకూడదు. అయినా మీటరు రెక్క ఫోమ్ విమానానికి, నిదానంగా ఎగిరేదానికి, అరకిలో సెంటీమీటరు చాలు. 1.1 ఉన్న హైటెక్ కూడా అక్కర్లేనంత బలవంతుడే.

ఆగిపోయినప్పుడు కరెంటెంత తాగుతోందో మీటరు పెట్టి చూశా, ఇది మాత్రం సారమున్న సంగతి. నీలంది 0.6 ఆంపియర్లు, లోహంది 0.75. మన వాళ్లు ఎక్కువమంది వాడే 30 ఆంపియర్ల స్పీడ్ కంట్రోలర్లో (విమానం మోటారు వేగాన్ని నడిపే బోర్డు) సర్వోలకిచ్చే 5 వోల్టుల లైను 2 ఆంపియర్లదే, అదీ చాలావాటిలో లీనియర్ రకం. మూడు సెల్లుల లైపో బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు. దాంట్లోంచి 5 మాత్రమే ఇచ్చి మిగతా 7.6ని వేడిగా కాల్చేస్తుంది. సర్వోలు ఒక ఆంపియరు తీసుకుంటున్నాయంటే ఏడున్నర వాట్లు, అంటే చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడిలో మూడో వంతు, ఆ ప్లాస్టిక్ తొడుగు లోపల. నాలుగు సర్వోలు ఒకేసారి అడ్డం తగిలి ఆగితే రెండున్నర, మూడు ఆంపియర్లు. వోల్టేజి పడిపోతుంది, రిసీవర్ ఒక్క క్షణం కళ్లుమూసి తెరుస్తుంది, ఆ క్షణంలో విమానం ఎవరి మాటా వినదు. అందుకే చవక సర్వో బిగించినప్పుడు చూడాల్సింది ఏదంటే, చివరకి తిప్పినప్పుడు జుయ్ మని మూలుగుతుందా అని. మూలుగుతోందంటే లింకేజీ, అంటే సర్వో చేతిని పట్టీకి కలిపే తీగ, ఎక్కడో తట్టుకుంటోంది. ఆ మూలుగే బ్యాటరీని, కంట్రోలర్ని తినేది. మేలో మా ఊళ్లో ఎండకి ఇదంతా రెట్టింపనుకోండి.

మే అంటే గుర్తొచ్చింది, హాట్ గ్లూ. సర్వోని ఫోమ్‌లో నేరుగా గ్లూతో అతికిస్తే ఎండలో గంటసేపు కారులో ఉంచిన విమానంలో అది బంకలా సాగి ఊడొస్తుంది. పైగా గ్లూ తీగ దూరే కంతలోంచి లోపలికి పాకి గేర్లని పట్టేస్తుంది. సర్వో చుట్టూ మాస్కింగ్ టేపు ఒక చుట్టు చుట్టి దాని మీద గ్లూ పెట్టండి, చెవులకి స్క్రూలు కూడా వేసి. తీసేటప్పుడు టేపు కోస్తే సర్వో శుభ్రంగా బయటికొస్తుంది. నేను ఒక సర్వోని మూడు విమానాలకి మార్చింది ఇలాగే.

విప్పి చూసిన సంగతులు కొన్ని. అడుగున నాలుగు పొడుగు స్క్రూలు, డబ్బా మూడు ముక్కలుగా వస్తుంది. పై మూత మెల్లిగా ఎత్తాలి, లేకపోతే గేర్లన్నీ బల్లమీద పడతాయి, ఏది ఏ ఇరుసు మీదిదో తర్వాత వెతుక్కోవాలి (ఫోన్లో ఫొటో తీసుకోండి, నేను మొదటిసారి తియ్యలేదు). నీలంవాటిలో గ్రీజు ఒకదాంట్లో ముద్దలా ఉంది, ఒకదాంట్లో వాసనకి కూడా లేదు. ఆ గ్రీజు లేనిదే 14 మిల్లీమీటర్ల వీరుడు. ఈమ్యాక్స్‌లో గ్రీజు సమంగా పూసి ఉంది, మోటారు తీగలకి సోల్డర్ చుక్క గుండ్రంగా మెరుస్తోంది. సోల్డర్ చుక్క చూసి పనివాణ్ణి చెప్పొచ్చని నా నమ్మకం, ముప్పై ఏళ్లుగా అదే చూస్తున్నా కదా. హైటెక్‌ని విప్పలేదు. బాగా పనిచేసేదాన్ని ఎందుకు విప్పటం, అది మా వాడి జీతం.

లోహపు గేర్లనుకుని కొన్నవి ఒకసారి ఆన్‌లైన్లో తెప్పించాను, పేరొద్దు. విప్పితే పైన కనపడే ఇరుసు ఒక్కటే ఇత్తడి, లోపల అన్నీ తెల్ల ప్లాస్టిక్. వాళ్లకి ఫొటో పంపితే వచ్చిన జవాబు, స్క్రూలు విప్పి ఉన్నాయి కాబట్టి వాపసు కుదరదని. విప్పకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందండీ అంటే దానికి జవాబు లేదు. అప్పట్నుంచీ చేతిలో తూచి చూస్తా. నిజంగా లోహం గేర్లున్నదానికి, నీలందానికి నాలుగు గ్రాముల తేడా రావాలి. వంట గదిలో వాడే చిన్న డిజిటల్ కాటా సరిపోతుంది.

ఇంకో ప్రమాదం, ఇది మా వాడు చేసిన ఘనకార్యం. అదే నీలం డబ్బాలో, అదే ధరకి, 360 డిగ్రీలు తిరిగే రకం ఒకటుంటుంది. అది బొమ్మ కార్ల చక్రాలకి పనికొచ్చేది. దానికి చెయ్యి ఎక్కడ ఆగాలో తెలియదు, ఎంత వేగంగా తిరగాలో మాత్రమే తెలుసు. వాడు చూసుకోకుండా అది తెచ్చి ఐలరాన్‌కి బిగించాడు. కర్ర కాస్త కదిపేసరికి చెయ్యి గిరగిరా తిరిగి, లింకు తీగని చుట్టేసుకుని, ఐలరాన్ని రెక్కలోంచి పీకి పక్కన పెట్టింది. ఇద్దరం పది నిమిషాలు నవ్వాం. కొనేటప్పుడు ఇరుసుని వేలితో తిప్పి చూడొద్దంటారు, ప్లాస్టిక్ పళ్లకి అది నిజంగానే దెబ్బ, కాబట్టి టెస్టర్ పెట్టి చూడండి.

హైదరాబాద్ వెళ్తే కోఠి గుజరాతీ గల్లీలో కొంటాను. జేబులో సర్వో టెస్టర్, నాలుగు పెన్సిల్ సెల్లుల డబ్బా పెట్టుకునే వెళ్తా. కొట్టు కుర్రాడు మొదటిసారి విసుక్కున్నాడు, ఇప్పుడు అలవాటుపడ్డాడు. "చూస్కో సార్, మంచిగ చూస్కో. బయటికి పోయినంక నా జిమ్మేదారి లేదు" అంటాడు. పది సర్వోలు వరసగా పెట్టి మధ్యకి తెచ్చి, వణికేవి, మూలిగేవి పక్కన పెడితే ఆరేడు మిగులుతాయి. అవి కొంటా. అక్కడ కొనేది ఎక్కువగా ఇంజినీరింగ్ పిల్లలు, ప్రాజెక్టు కోసం. బొమ్మ గేటు ఒకసారి ఎత్తి దింపితే వాళ్లకి మార్కులొస్తాయి, రెండు డిగ్రీల సంగతి వాళ్లకి పట్టదు. ఆ బేరానికి తగ్గ సరుకే వస్తుంది, దాంట్లో కొట్టువాడి తప్పు లేదు.

తీగల రంగుల దగ్గర కంగారు పడొద్దు. నీలంవాటికి గోధుమ, ఎరుపు, నారింజ. హైటెక్‌కి నలుపు, ఎరుపు, పసుపు. ఎర్రది ఎప్పుడూ మధ్యలోనే కాబట్టి ప్లగ్గు తిప్పి పెట్టినా చాలావరకు కాలదు, పని చెయ్యదంతే. హార్న్‌లు మాత్రం ఒక కంపెనీవి ఇంకోదానికి పట్టవు, ఇరుసు పళ్ల లెక్క వేరు. బలవంతంగా నొక్కి పట్టించారా, గాల్లో జారుతుంది. సర్వో పోయినా దాని హార్న్‌లు, స్క్రూలు పారెయ్యకండి. నేను పాత మందుబిళ్లల డబ్బాల్లో కంపెనీవారీగా దాస్తా.

మరి ఏది కొనాలి అనేదానికి నా విమానం మీద ఇప్పుడేమున్నాయో చెప్తే సరిపోతుంది. ఎలివేటర్ మీద హైటెక్. రెండో విమానంలో ఎలివేటర్ మీద ఈమ్యాక్స్, రెంటికీ ఎగరటంలో నాకు తేడా తెలియలేదు. చేతి డబ్బు పెట్టి కొనమంటే ఈమ్యాక్సే కొంటా, హైటెక్ బహుమతిగా వస్తే వద్దనను. ఆ నాలుగు గ్రాముల తేలిక లెక్కపెట్టేది చేతిలోంచి విసిరే చిన్న గ్లైడర్ల వాళ్లే. ఐలరాన్ల మీద నీలంవాటిలో 6, 9 వచ్చిన జత. నేల మీద విమానాన్ని తిప్పే ముక్కు చక్రానికి లోహంది. అక్కడ రాయి తగిలి రోజూ దెబ్బ పడుతుంది, ప్లాస్టిక్ పళ్లు రెండు దిగుళ్లకి నమలబడతాయి. వదులున్నా పరవాలేదు, గట్టు మీద విమానం నేరుగా పోనేపోదు కదా. ఇంట్లో పిల్లలుంటే కూడా లోహమే నయం, ఎందుకంటే విమానం కనపడగానే వాళ్లు చేసే మొదటి పని రెక్క తోకలు చేత్తో ఊపటం.

11 వచ్చినదాన్ని విప్పి గ్రీజు మార్చి, పొటెన్షియోమీటర్‌లో క్లీనర్ ఒక చుక్క వేశాను, 8కి దిగింది. రడ్డర్ మీద వేశా, పాపం పనిచేస్తోంది. 14 దానికి కూడా అదే వైద్యం చేస్తే 13 అయింది. దాన్ని పారెయ్యబుద్ధి కాలేదు. కిందటి చవితికి మా వీధి పందిట్లో ఎలుక తల ఊపటానికి పెట్టాం, టెస్టర్‌ని దానంతటదే తిప్పే ఆటో మోడ్‌లో పెట్టి, తొమ్మిది రోజులు. ఆరోరోజు నుంచి ఎలుక ఎడమవైపు ఎక్కువ చూట్టం మొదలుపెట్టింది. లడ్డూ అటువైపే పెట్టారు కదా అన్నారు పిల్లలు.